మకరవిళక్కు: సంశయించుట దోషమా?

మకర సంక్రమణ సాయంసంధ్యలో శబరిమలకు ఎదురుగా పొన్నంబలమేడుపై ముమ్మారు వెలిగి ఆరు కాంతిని అనేకులు స్వయంభూజ్యోతి యని విశ్వసించిరి. 2011 జనవరి 14న ఆ కాంతిని దర్శించి మరలుచుండగా పుల్‌మేడు వద్ద తొక్కిసలాటలో నూరుమందికి పైగా భక్తులు అసువులు బాసిరి. పిదప కేరళ హైకోర్టు ప్రశ్నింపగా, అది మానవులు వెలిగించునదే యని తిరువాంకూరు దేవస్వం బోర్డు అంగీకరించినది. ఆకాశమున ఉదయించు నక్షత్రము మకరజ్యోతి. కొండపై దీపము మకరవిళక్కు. ఈ భేదమును దీక్షాధారులకు విడమరచి చెప్పు గురుస్వాములు అరుదు.

అడిగినవానిని నాస్తికుడనుట శాస్త్రసమ్మతము కాదు. న్యాయదర్శనము షోడశపదార్థములలో సంశయమునకును స్థానమిచ్చినది. అయినను నిజము తెలిసినచో భక్తికి కలుగు హాని యేమి? గర్భాలయమున హారతి వెలిగించునదియు అర్చకుని హస్తమే. దానిని కన్నుల కద్దుకొనుటకు ఎవ్వరును సంకోచింపరు. 41 దినముల వ్రతము, ఇరుముడి ఆ దీపమును ఆశ్రయించినవి కావు. అది మానవహారతి యని ముందే చాటియుండినచో, చీకటి అడవిలో ఆ క్షణమునకై అంతమంది కిక్కిరిసియుందురా?