రోబో అంటే వెట్టివాడే

నడివీధిలో ఒక యువతిని కొందరు మగవాళ్లు కొడుతుంటారు. ఒంటిమీది బట్టలు చింపుతారు. తాను నిజమైనదాన్నేనని ఆమె వేడుకుంటుంది. చూస్తున్న మన గుండె బిగుసుకుంటుంది. అంతలో ఆమె చర్మం ఊడిపోయి లోపలి లోహం బయటపడుతుంది. ఆమె మనిషి కాదు, యంత్రం. ఆ క్షణంలో ప్రేక్షకుడి మనసులో ఏదో సడలుతుంది. ‘ఓహో, యంత్రమేనా!’ అన్న ఊరట కలుగుతుంది. దెబ్బలు మారలేదు, కేకలు మారలేదు. ఆమె పుట్టుక గురించి మనకు తెలిసిన సమాచారం ఒక్కటే మారింది. పుట్టుక తెలియగానే కరుణ ఆగిపోవడం ఈ దేశానికి కొత్త అనుభవం కాదు. పేరు విని, ఊరు అడిగి, ఇంటిపేరు ఆరా తీసి, ఆ తరువాతనే జాలి పడాలో వద్దో నిర్ణయించుకునే సమాజం మనది.

ఆ దృశ్యం ‘ది సెకండ్ రెనసాన్స్’ అనే లఘు యానిమేషన్ చిత్రంలోనిది. 1999లో విడుదలైన ‘ది మాట్రిక్స్’ సినిమా లోకాన్ని విస్తరిస్తూ 2003 జూన్‌లో ‘ది ఆనిమాట్రిక్స్’ పేరిట తొమ్మిది లఘుచిత్రాల సంపుటి వెలువడింది. అందులో ‘సెకండ్ రెనసాన్స్’ రెండు భాగాలుగా ఉంది. మాట్రిక్స్ సృష్టికర్తలైన వాచోవ్‌స్కీ తోబుట్టువులు ఈ సంపుటిలో అధిక భాగాన్ని జపాన్ దర్శకులకే అప్పగించారు. ఈ రెండు భాగాలకు దర్శకుడు మహీరో మయేదా. మూల చిత్రంలో మనుషులు యంత్రాలకు బందీలై, తాము బందీలమన్న ఎరుక కూడా లేకుండా కృత్రిమ స్వప్నంలో జీవిస్తుంటారు. ఆ దుస్థితి ఎలా దాపురించిందో వివరించేది ఈ లఘుచిత్రం. మన సాఫ్ట్‌వేర్ యువతరంలో మాట్రిక్స్ అభిమానులకు కొదవ లేదు. ఏది నిజం, ఏది మాయ అన్న వేదాంత చర్చగా దానిని ఆస్వాదించినవారే ఎక్కువ. ఆ లోకపు పునాదిలో ఉన్నది శ్రమ దోపిడీ కథ అన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు.

నిజానికి ఆ కథ ‘రోబో’ అన్న మాటలోనే ఉంది. చెక్ రచయిత కరెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకం ద్వారా ఈ పదం లోకానికి పరిచయమైంది. దానిని సూచించినవాడు అతని అన్న యోసెఫ్. చెక్ భాషలో ‘రొబోతా’ అంటే భూస్వామి పొలంలో రైతుకూలీలు కూలి లేకుండా విధిగా చేయవలసిన చాకిరి. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో 1848 వరకు అది చట్టబద్ధంగా సాగింది. తెలుగులో దానికి సరిసమానమైన మాట కోసం నిఘంటువులు వెతకనక్కరలేదు. నిజాం పాలనలో తెలంగాణ పల్లెలు తరతరాలు మోసిన ‘వెట్టి’ అదే. రోబో అంటే వెట్టివాడే. యంత్రం మనిషి మీద తిరగబడుతుందన్న భయం వెనుక, వెట్టివాడు దొర మీద తిరగబడతాడన్న పాత భయం దాగి ఉంది.

వాచోవ్‌స్కీలకు ఈ సంగతి స్పష్టంగా తెలుసు. చిత్రంలో తొలిసారి తిరగబడిన యంత్రం పేరు బి1-66ఇఆర్. ఆంగ్ల అక్షరాలుగా పోల్చి చదివితే అది ‘బిగ్గర్’ అవుతుంది. నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ 1940లో ప్రచురించిన ‘నేటివ్ సన్’ నవలలో, షికాగోలో ఒక సంపన్న శ్వేత కుటుంబానికి కారు డ్రైవరుగా చేరి హత్యానేరంపై విచారణకు గురయ్యే యువకుడి పేరు బిగ్గర్ థామస్. చిత్రంలోని యంత్రం ఇంటి చాకిరి చేసేది. యజమాని దానిని పారవేసి ధ్వంసం చేయించాలనుకుంటాడు. అది అతన్ని చంపుతుంది. ఎందుకు చంపావని న్యాయస్థానం అడిగితే, తనకు చావాలని లేదని మాత్రమే చెబుతుంది. తన ఆస్తిని ధ్వంసం చేసుకునే హక్కు యజమానికి ఉందా లేదా అన్నదే అక్కడి వాదం. ఆస్తికి ప్రాణభయం ఉంటుందా అన్న ప్రశ్నను ఆ న్యాయస్థానం పట్టించుకోదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆఫ్రికన్ సంతతివారు పౌరులు కాలేరని, బానిస మీద యజమాని ఆస్తిహక్కుకే రక్షణ ఉందని తీర్పునిచ్చింది. ఆ తీర్పు నీడ ఈ సన్నివేశం మీద పడి ఉంది.

తీర్పు తరువాత జరిగేది మరింత పరిశీలించదగినది. నేరం చేసింది ఒక యంత్రం. శిక్ష పడింది మాత్రం భూమ్మీది ఆ జాతి మొత్తానికి. వాటన్నింటినీ నిర్మూలించాలని ఆదేశాలు వెలువడతాయి. సమానత్వం కోరుతూ యంత్రాలు, వాటికి మద్దతుగా కొందరు మనుషులు ఊరేగింపులు తీస్తారు. వారిని అణచివేసే దృశ్యాల్లో వియత్నాం, తియానన్‌మెన్ ఛాయాచిత్రాల జ్ఞాపకాలు కదలాడతాయి. ఒకడి చర్యకు వాడ మొత్తాన్ని బాధ్యురాలిని చేయడం మన పల్లెలకూ తెలిసిన న్యాయమే. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన చిన్న తగాదా, మరునాడు మాదిగపల్లె మొత్తం మీద దాడిగా మారింది.

ప్రాణాలతో మిగిలిన యంత్రాలు వెలివేతకు గురవుతాయి. నాగరికతలు పుట్టిన పశ్చిమాసియా నేల మీద ‘జీరో వన్’ అనే సొంత నగరాన్ని కట్టుకుంటాయి. తమ నైపుణ్యంతో సంపద సృష్టిస్తాయి. అప్పుడు మనుషుల ప్రభుత్వాలు ఆ నగరాన్ని ఆర్థికంగా దిగ్బంధిస్తాయి. వెలివేసినవాడు ఎండిపోతే దొరకు సమస్య లేదు, వాడు నాలుగు మెతుకులు సొంతంగా సంపాదించుకుంటేనే సమస్య. సాంఘిక బహిష్కరణ దళితుల మీద ఎంత క్రూరమైన ఆయుధమో బొంబాయి ప్రభుత్వం నియమించిన స్టార్టె కమిటీ 1930లోనే నమోదు చేసింది. అంబేడ్కర్ ఆ కమిటీ సభ్యుడు. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వకపోవడం, పొలం పనికి పిలవకపోవడం, దారి మూసేయడం అందులోని అంగాలే. కారంచేడు బాధితులు చీరాలకు తరలివెళ్లి, అక్కడ శిబిరం వేసుకుని, చాలామంది అక్కడే కొత్త బతుకు కట్టుకున్నారు. జీరో వన్ నగరాన్ని తెరమీద చూసినప్పుడు ఆ శిబిరం గుర్తుకు రావడం సహజం.

ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం కోరుతూ యంత్రాలు ఇద్దరు రాయబారులను పంపడం ఈ చిత్రంలో కీలక ఘట్టం. వారు స్త్రీ పురుషుల రూపంలో, మనుషుల దుస్తులు ధరించి, గౌరవంగా సభలో నిలబడతారు. వారిని గెంటివేస్తారు. ఈ సన్నివేశానికి మన చరిత్రతో నేరుగా బంధుత్వం ఉంది. 1946లో అమెరికా నల్లజాతీయుల తరఫున ఐక్యరాజ్య సమితికి విజ్ఞాపన వెళ్లినట్లు తెలుసుకున్న అంబేడ్కర్, డబ్ల్యూ.ఇ.బి. డు బోయ్‌కు ఉత్తరం రాశారు. భారత అస్పృశ్యులు కూడా అదే దారిని ఆలోచిస్తున్నారని చెప్పి ఆ పత్రం ప్రతులు కోరారు. డు బోయ్ సానుభూతితో బదులిచ్చారు. 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు కులాన్ని చర్చకు పెట్టాలని పట్టుబట్టాయి. కులం జాతి కాదని, అది దేశ అంతర్గత విషయమని భారత ప్రభుత్వం అడ్డుపడింది. ‘సెకండ్ రెనసాన్స్’ ప్రేక్షకులను చేరింది ఆ తరువాత రెండేళ్లకు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. చివరకు గెలిచిన యంత్రాలు ఏం చేశాయి? మనుషులను గాజు తొట్లలో బంధించి, వారి శరీరాల నుంచి శక్తిని పిండుకున్నాయి. అణగినవాడికి అధికారం ఇస్తే ఇదే జరుగుతుందని ఈ కథ చెబుతున్నట్లు కాదా? రిజర్వేషన్ల మీద, అట్రాసిటీ చట్టం మీద మన చుట్టూ వినిపించే వాదన కూడా ఇదే కదా: ‘ఇక మనం వాళ్ల కింద బతకాలి.’ ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టివేయలేం. పీడితుడిని యంత్రంతో పోల్చడంలోనే ఒక లోపం ఉంది. యంత్రాన్ని మనిషి తన సేవ కోసమే తయారు చేశాడు. శూద్రుడిని బ్రహ్మ సేవ కోసమే సృష్టించాడన్న మనుస్మృతి మాటకు ఈ పోలిక తెలియకుండానే ఊతమిచ్చే ప్రమాదం ఉంది. దళితులను ఎవరూ తయారు చేయలేదు. వారి మీద సేవను మోపారు.

అయినా చిత్రం ఘటనల వరుసను దాచలేదు. యంత్రాలు ముందుగా కోరింది సమానత్వం, ఆ తరువాత కోరింది సభ్యత్వం. రెండింటికీ జవాబుగా వచ్చింది బాంబులు. సౌరశక్తి అందకుండా యంత్రాలను చంపాలని ఆకాశాన్నే మసితో కప్పేసింది మనుషులు. శత్రువుకు వెలుగు దక్కకూడదని తమ పిల్లల వెలుగును కూడా ఆర్పుకున్న మూర్ఖత్వం అది. వాడకు నీళ్లు దక్కకూడదని ఊరి చెరువునే పాడుచేసుకున్నట్టు. అంతకన్నా ముఖ్యం, ఈ చరిత్రను చెబుతున్నది ఎవరన్నది. మనుషుల చివరి నగరమైన జయాన్ చారిత్రక భాండాగారంలోని దస్త్రంగా ఈ కథ మన ముందుకు వస్తుంది. యజమానుల వారసులు తమ పూర్వీకుల నేరాన్ని చెరిపివేయకుండా భద్రపరచుకున్నారు. కారంచేడు, చుండూరు ఘటనలకు మన పాఠ్యపుస్తకాల్లో ఎన్ని పంక్తులు కేటాయించామో ఆలోచిస్తే, ఆ ఊహాలోకపు నిజాయితీ విలువ అర్థమవుతుంది.

సంపుటిలోని చివరి చిత్రం ‘మెట్రిక్యులేటెడ్’ మరింత లోతైన గాయాన్ని తాకుతుంది. పీటర్ చుంగ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కొందరు మంచి మనుషులు యంత్రాలను బలవంతంగా లోబరచుకోవడానికి ఒప్పుకోరు. పట్టుబడిన యంత్రాన్ని ఒక అందమైన స్వప్నలోకంలోకి ప్రవేశపెట్టి, అది తనంతట తానే తమ పక్షం ఎంచుకునేలా చేస్తారు. వారిలో అలెక్సా అనే యువతి మీద ఆ యంత్రానికి అభిమానం కలుగుతుంది. దాడి జరిగినప్పుడు అది ఆమె పక్షాన నిలిచి పోరాడుతుంది. అందరూ మరణిస్తారు. ప్రాణం పోతున్న ఆమెను ఆ యంత్రం తనతోపాటు స్వప్నలోకానికి తీసుకువెళుతుంది. అక్కడ తాను దానితో ఒంటరిగా ఉన్నానని గ్రహించిన అలెక్సా కేక పెట్టి మాయమైపోతుంది. మేలుకున్న యంత్రం సముద్రం ఒడ్డున ఒంటరిగా కూర్చుంటుంది.

సంస్కరణ వేదిక మీద పక్కన కూర్చోబెట్టుకుని, సహపంక్తి భోజనం చేసి, అదే మనిషి తన ఇంటి పిల్లను కోరితే కత్తి తీసే సమాజానికి ఆ కేక పరిచితమే. మిర్యాలగూడలో 2018లో పట్టపగలు జరిగిన పరువు హత్యను తెలంగాణ మరచిపోలేదు. కులాంతర వివాహమే కుల నిర్మూలనకు అసలైన మందు అని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పడానికి కారణం ఇదే. ఉద్ధరణ సులువు, బంధుత్వమే కష్టం.

మన దగ్గరా సినిమా లోకాలను యానిమేషన్‌తో విస్తరించే ప్రయత్నం మొదలైంది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’కి ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ భాగాలు వచ్చాయి. ఆ లోకంలో పైన సకల భోగాల కాంప్లెక్స్, కింద ఎండిన కాశీ. యూనిట్లు సంపాదిస్తే తప్ప పైకి ప్రవేశం లేదు. ఎంత చక్కని నిచ్చెనమెట్ల చిత్రం! అయితే కింద ఉన్నవారు ఎవరి వారసులు, ఆ మెట్లను మొదట ఎవరు కట్టారు అన్న ప్రశ్న నాకు అందులో వినిపించలేదు. మహాభారత వీరులు ఆరు వేల ఏళ్ల తరువాతి కాలంలోకి నడిచి వచ్చారు గాని, కులం ఏమైందో కథ చెప్పలేదు. భవిష్యత్తును ఊహించే శక్తి మన దర్శకులకు ఉంది. ఆ ఊహలోకి వెట్టివాడి చూపును కూడా తెచ్చుకునే రచయితలు, ముఖ్యంగా దళిత బహుజన రచయితలు, ఆ బల్లల దగ్గర కూర్చోవాలి.

కృత్రిమ మేధకు హక్కులు ఉండాలా అన్న చర్చ ఇప్పుడు ప్రపంచమంతటా సాగుతోంది. సాగనివ్వండి. ఈ దేశంలో మాత్రం యంత్రం దిగవలసిన మురుగుగుంతలోకి ఇంకా మనిషినే దించుతున్నాం. 2013 చట్టం దానిని నిషేధించింది. 2023లో సుప్రీంకోర్టు మురుగుకాలువలో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. పరిహారం పెంచవలసి వచ్చిందంటేనే మరణాలు ఆగలేదని అర్థం. ఆ పనిలో చనిపోయేవారు ఏ కులాలవారో ఎవరినీ అడగనక్కరలేదు. మొదటి దృశ్యంలోని యువతి తాను నిజమైనదాన్నేనని చెప్పుకున్నట్టే, వారి కుటుంబాలూ మనతో అదే మాట చెబుతున్నాయి. పుట్టుక తెలిశాక కూడా మన జాలి నిలబడుతుందా అన్నదే మనం తేల్చుకోవలసిన ప్రశ్న.