క్రొత్త యంత్రమా? మరల నిరీక్షణయా?



మన సంఘపు పాత కంప్యూటరును మార్చవలెనా, రాబోవు చిప్పులకై వేచియుండవలెనా యను చర్చ కనకాలపేటలో సాగుచున్నది. ఆగుదమనువారిని అడుగుచున్నాము: ఎంతకాలము? ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఏటేట ఏదో యొక ప్రాసెసరును ప్రకటించుచునే యుండును. అంగడికి రాని యంత్రమును నమ్మి పని నిలుపుట ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నట్లుండును.

ధరలు తగ్గునను ఆశయు నిలువదు. కృత్రిమ మేధా కేంద్రములకే మెమరీ చిప్పులు తరలుటచే 2025 చివర ర్యామ్ ధరలు పెరిగెను. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ గృహవినియోగదారులకు అమ్ము క్రూషియల్ వ్యాపారమును విరమించుచున్నట్లు ప్రకటించెను.

అట్లని నేడే కొనుడనుట మా అభిమతము కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది, టీపీఎం 2.0 లేని మన యంత్రమునకు విండోస్ 11 అర్హత లేదు. అంతమాత్రమున యంత్రము చచ్చినదా? లినక్సు ఉచితము; అందు యూనికోడ్ తెలుగు చక్కగా నడచును. పాత డీటీపీ ఫాంట్లలోని మన పత్రములను మాత్రము ముందుగా యూనికోడునకు మార్చుకొనవలెను. ఆ శ్రమ క్రొత్త యంత్రము కొన్నను తప్పదు.

యానాంలో తెలుగు వాడుకకు 1965 నాటి అధికార భాషా చట్టమే చోటిచ్చినది. పుదుచ్చేరికి పోవలసిన తెలుగు అర్జీ చిప్పు కొరకు ఆగుట మనకు సిగ్గుచేటు. ఈ వారమే లినక్సు ఎక్కింపుడు. యంత్రము నిజముగా చెడిన నాడు మాత్రము ఒక్క దినమైనను ఆగక, పనికి చాలినదానిని కొనుడు. సంఘ ధనము ఆడంబరమునకు కాదు, అక్షరమునకు!