సరుకు పేరుకు కాపలా: పైసా ఖర్చు లేని పని

గుంటూరు మిర్చి యార్డులో ఉదయం బేరాలు మొదలయ్యే ముందు ప్రతి వ్యాపారీ కొన్ని సంగతులు వాకబు చేస్తాడు. ఎన్ని టిక్కీలు దిగాయి, కోల్డ్ స్టోరేజీలలో నిల్వ ఎంత, ఎగుమతిదారులు కొంటున్నారా లేదా అన్నవి తెలియకుండా బేరంలోకి దిగేవాడు లేడు. నిజామాబాదు పసుపు మార్కెట్టులోనైనా, తాండూరు కందుల మార్కెట్టులోనైనా ఇదే రివాజు. కాని తన సంచి మీద వేసుకున్న పేరును గురించి బయట ఏమనుకుంటున్నారో అదే శ్రద్ధతో వాకబు చేసే వ్యాపారులు బహు కొద్దిమంది. ధర మీద ఇంత కన్ను వేసి, పేరును గాలికి వదలడం నష్టదాయకమని ఇటీవలి అనుభవాలు చెబుతున్నాయి.

ఒకప్పుడు పేరుకు ఇంత ప్రాముఖ్యం లేని మాట నిజమే. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు రిజిస్టరు అయిన బ్రాండు కింద అమ్మే బియ్యం, పప్పులు, పిండ్లపై మాత్రమే 5 శాతం పన్ను వేశారు. దానితో చాలామంది మిల్లర్లు తమ బ్రాండుపై హక్కు వదులుకున్నట్లు రాసి ఇచ్చి పన్ను నుంచి తప్పుకున్నారు. 18 జూలై 2022 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు సంచులకు, బ్రాండు ఉన్నా లేకపోయినా, పన్ను వర్తిస్తున్నది. పేరు వదులుకున్నందువల్ల లాభం లేనప్పుడు ఆ పేరును కాపాడుకోవడమే వివేకం.

హాంగ్‌కాంగ్ పాఠం

5 ఏప్రిల్ 2024న హాంగ్‌కాంగ్ ఆహార భద్రతా కేంద్రం ఒక ప్రకటన వెలువరించింది. భారతదేశానికి చెందిన రెండు పేరున్న కంపెనీల మసాలా పొడులు నాలుగింటిలో ఇథిలీన్ ఆక్సైడ్ కనిపించిందనీ, వాటి అమ్మకం ఆపవలసిందిగా చెప్పామనీ దాని సారాంశం. 18 ఏప్రిల్‌న సింగపూరు అధికారులు వాటిలో ఒక పొడిని మార్కెట్టు నుంచి వెనక్కు రప్పించారు. ఇక్కడి పత్రికలలో ఇది పెద్ద వార్త అయినది ఆ తరువాతనే. ఆపై వరుసగా ఉత్తర్వులు వచ్చాయి. ఆ రెండు దేశాలకు వెళ్ళే సుగంధ ద్రవ్యాలకు ఈ రసాయన పరీక్షను స్పైసెస్ బోర్డు మే నెలలో తప్పనిసరి చేసింది. నేపాలు కూడా అమ్మకాలు నిలిపింది. ఇక్కడ సేకరించిన ఆ కంపెనీల నమూనాలలో, నివేదికలు అందిన మేరకు, ఆ రసాయనం లేదని కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ మే నెలలోనే తేల్చింది. కాని విదేశీ కొనుగోలుదారు మనసులో అనుమానం పడిన తరువాత ఒక్క ప్రకటనతో అది తుడిచిపెట్టుకుపోదు.

ఇందులో వ్యాపారి గమనించవలసినది తేదీల మధ్య వ్యవధి. హాంగ్‌కాంగ్ ప్రకటన రహస్యమేమీ కాదు. అది మొదటి రోజు నుంచే ఎవరైనా ఉచితంగా చదువుకొనగల పేజీలో ఉన్నది. దానిని ఆనాడే చూసిన మిర్చి ఎగుమతిదారుకు దాదాపు 2 వారాల సమయం చిక్కేది. తన లాట్లను పరీక్షకు పంపుకొని, పొడి చేసేవారు ఏ పద్ధతిలో క్రిమిశుద్ధి చేస్తున్నారో కనుక్కొని, విదేశీ కొనుగోలుదారుకు నివేదికతో సహా ముందే ఉత్తరం రాసుకొనడానికి ఆ సమయం చాలు. గగ్గోలు పుట్టిన తరువాత రాసిన ఉత్తరం సంజాయిషీ అవుతుంది. ముందే రాసినది నమ్మకం కలిగిస్తుంది.

ఇది మొదటిసారి కూడా కాదు. భారతదేశపు నువ్వులలో ఇదే రసాయనం ఉన్నదని సెప్టెంబరు 2020లో బెల్జియం ఐరోపా హెచ్చరిక వ్యవస్థకు తెలిపింది. అక్టోబరు ముగియకముందే, ఇక్కడి నుంచి వచ్చే నువ్వుల కన్‌సైన్‌మెంట్లలో సగం సరిహద్దులోనే పరీక్షించాలన్న నిబంధన వచ్చింది. మొదటి హెచ్చరిక చూసినవారికి, నిబంధన చూసి మేల్కొన్నవారికి నడుమ నెలకు పైగా తేడా ఉన్నది.

వదంతుల దెబ్బ

నిజమైన లోపం ఒక ఎత్తు, లేని లోపం మరొక ఎత్తు. జూన్ 2017లో ప్లాస్టిక్ బియ్యం అమ్ముతున్నారన్న పుకారు హైదరాబాదులో, ఇతర పట్టణాలలో చెలరేగింది. అన్నం ముద్దను బంతిలా నేలకు కొట్టి చూపే వీడియోలు చేతులు మారాయి. అధికారులు నమూనాలు తీసి పరీక్షించి అది అసలు బియ్యమేనని తేల్చారు. ఈలోగా సంచి మీద ఏ మిల్లు పేరుంటే ఆ మిల్లు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

2020 ఆరంభంలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న అబద్ధం ఇంకా దూరం వెళ్ళింది. 28 ఫిబ్రవరి 2020న తెలంగాణ మంత్రులు హైదరాబాదులో బహిరంగ వేదికపై కోడిమాంసం తిని చూపవలసి వచ్చింది. అప్పటికే కోళ్ళ ధర కుప్పకూలింది. కోళ్ళ మేతకు పోయే మొక్కజొన్నకు గిరాకీ పడిపోయింది. కోడితో గాని కరోనాతో గాని సంబంధం లేని మొక్కజొన్న రైతు, అడ్తీ వ్యాపారి ఆ పుకారు మూల్యం చెల్లించారు. పుకారు మొలకగా ఉన్నప్పుడే కనిపెడితే నిల్వ విషయంలోనైనా జాగ్రత్త పడవచ్చు.

ఖర్చు లేని సాధనాలు

ఈ కాపలాకు వేలకు వేలు తీసుకొనే కంపెనీలు ఉన్నాయి. మధ్యతరగతి వ్యాపారికి వాటి అవసరం లేదు. గూగుల్ అలర్ట్స్ అనే ఉచిత సేవ 2003 నుంచి ఉన్నది. అందులో పేరు రాసి పెడితే, ఆ పేరు కొత్తగా ఏ వార్తలోనో, పేజీలోనో కనబడినప్పుడు ఈమెయిలు వస్తుంది. వెంటనే పంపమనవచ్చు, రోజుకు ఒకసారి చాలుననవచ్చు.

అయితే తెలుగు వ్యాపారుల పేర్లతో ఒక చిక్కున్నది. సంచుల మీద సగం పేర్లు దేవుళ్ళవే. శ్రీ వేంకటేశ్వర అని మాత్రమే రాసి పెడితే తిరుమల దర్శనం వార్తలన్నీ వచ్చి పడతాయి, పప్పు సంగతి రాదు. అందుచేత పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన సరుకు పేరు, ఊరి పేరు చేర్చాలి. అక్కరలేని మాటల ముందు మైనస్ గుర్తు పెడితే అవి తొలగిపోతాయి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషు అక్షరాలలో రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఒక్కొక్కటి వేరువేరుగా పెట్టుకోవాలి. కొనేవాడు సంచి మీది స్పెల్లింగు చూసి రాయడు, నోటికి వచ్చినట్లు రాస్తాడు.

దీనికి తోడు వారానికి ఒకసారి స్వయంగా వెదకవలసిన చోట్లు మూడు. యూట్యూబులో సరుకు పేరు కొట్టి కొత్త వీడియోలను చూడాలి. గూగుల్ మ్యాపులో తన దుకాణం, మిల్లు కింద జనం రాసిన అభిప్రాయాలు చదవాలి. సరుకు అమ్మే ఆన్‌లైన్ అంగళ్ళలో ఒక నక్షత్రం, రెండు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలు ముందుగా చూడాలి. పురుగు, రాయి, తూకం తక్కువ అన్న ఫిర్యాదు ఒకే లాటు మీద మూడుసార్లు వస్తే అది పుకారు కాదు, గోడౌనులో వెదకవలసిన విషయం.

ఎగుమతిదారులకు ఇంకో రెండు చోట్లున్నాయి. ఐరోపా హెచ్చరిక వ్యవస్థ అయిన ఆర్.ఎ.ఎస్.ఎఫ్.ఎఫ్. పేజీలో ఏ దేశపు ఏ సరుకులో ఏ దోషం కనబడిందో ఉంటుంది. మామూలుగా కంపెనీ పేరు ఉండదు, దేశం పేరు ఉంటుంది. అందువల్ల ఒకరి తప్పు అందరి నెత్తిన పడుతుంది. అమెరికా ఎఫ్.డి.ఎ. తిరస్కరించిన సరుకుల జాబితాలో మాత్రం తయారీదారు పేరు, ఊరితో సహా కనబడుతుంది. పోటీదారు సరుకు దేనికి ఆగిందో తెలుసుకొంటే తన సరుకు ఆగకుండా చూసుకోవచ్చు.

నకిలీ పేర్లు

పేరు పెరిగిన కొద్దీ దానిని పోలిన పేర్లు పుట్టుకొస్తాయి. ఒక అక్షరం మార్చి, అదే రంగు సంచి, అదే బొమ్మ వేసి అమ్మేవారు ప్రతి బజారులోనూ ఉన్నారు. వీరిలో కొందరు ఆ పోలిక పేరునే రిజిస్టరు చేసుకొనడానికి దరఖాస్తు పెడతారు. ఆ దరఖాస్తులు ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతాయి. ఈ జర్నల్ ప్రతి సోమవారం వెలువడుతుంది, ఆన్‌లైనులో ఉచితం. ప్రకటన వెలువడిన 4 నెలలలోగా అభ్యంతరం దాఖలు చేసే హక్కు చట్టం ఇచ్చింది. గడువు దాటితే వ్యవహారం ఎక్కువ ఖర్చుతో, ఎక్కువ కాలంతో కూడినది అవుతుంది. వారానికి పావుగంట చూపు కోర్టు ఖర్చు తప్పించగలదు.

సాధనాల పరిమితి

ఉచిత సాధనాలన్నీ చూస్తాయని నమ్మడం పొరపాటు. వాట్సాప్ గ్రూపులలో నడిచే మాట అలర్టుకు దొరకదు. మార్కెట్టును కుదిపే పుకార్లు పుట్టేది ఎక్కువగా అక్కడే. దీనికి మందు పాతదే: దళారీలు, చిల్లర దుకాణదారులు, పొరుగూరి ఏజెంట్లు విన్నమాట వెంటనే చెప్పేటట్లు ఏర్పాటు చేసుకోవడం. వీడియో వస్తే ఎవరికీ పంపవద్దు, ముందు ఇక్కడికి పంపండి అన్న ఒక్క కట్టుబాటు ఎంతో మేలు చేస్తుంది.

ఇవాళ ఉచితమైనది రేపు ఉచితంగా ఉండకపోవచ్చు కూడా. ట్విట్టరు మాటలను వరుసలుగా చూపే ట్వీట్‌డెక్ ఆగస్టు 2023 నుంచి డబ్బు కట్టినవారికే పరిమితమైంది. ఫేస్‌బుక్‌లో ఏది ఎంత వ్యాపిస్తున్నదో చూపిన క్రౌడ్‌టాంగిల్‌ను ఆగస్టు 2024లో మూసివేశారు. కనుక ఒకే సాధనం మీద ఆధారపడరాదు. కనబడిన ప్రతి విషయాన్నీ సొంత పుస్తకంలో రాసుకొని ఉంచుకోవాలి.

తెలిసిన తరువాత ఏమి చేయాలి

చిట్టా, ఆవర్జా రాసిన చేతులకు ఈ పుస్తకం కొత్త కాదు. తేదీ, ఎక్కడ కనబడింది, ఏమన్నారు, ఏ లాటు, ఏమి జవాబిచ్చాము, ఏమైంది అన్న ఆరు గళ్ళు చాలు. ప్రతి లాటు నుంచి ఒక నమూనా సీలు వేసి దాచి ఉంచితే ఫిర్యాదు వచ్చిన రోజున అదే సాక్షి అవుతుంది. తప్పుడు ప్రచారం కనబడితే జవాబు చెప్పకముందే స్క్రీన్‌షాట్, లింకు భద్రపరచాలి. రాసినవాడు తీసివేయడానికి క్షణం పట్టదు. 1 జూలై 2024 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపాలంటే ధ్రువపత్రం కావాలి. ఈ విషయంలో ప్లీడరును ముందే సంప్రదించడం మంచిది.

నిజమైన ఫిర్యాదుకు సరుకు మార్చి ఇవ్వడమే సరైన జవాబు. దబాయింపు జవాబు రాస్తే అసలు ఫిర్యాదు చూడనివారు కూడా దానిని చూస్తారు. పొగడ్తలు కొని రాయించడం అంతకంటే హీనం. ఆన్‌లైన్ అభిప్రాయాలపై నవంబరు 2022లో ప్రభుత్వం ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం ప్రకటించింది. అది స్వచ్ఛందమే అయినా, కొన్న పొగడ్తలు బయటపడితే పోయే పరువు స్వచ్ఛందంగా తిరిగి రాదు.

సరుకు మంచిదైతే పేరు అదే నిలుస్తుంది, ఈ కాపలాలు ఎందుకు అనే పెద్ద వ్యాపారులు ఉన్నారు. సరుకు మంచిది కానిదే పేరు నిలవదన్న మాటలో వారికి పూర్తిగా ఏకీభవించవచ్చు. చెడ్డ సరుకును ఏ కాపలా కాపాడలేదు. కాని 2017లో బియ్యం మంచిదే, 2020లో కోడి మంచిదే. మంచి సరుకు అమ్మేవాడికే ఈ కాపలా ఎక్కువ అవసరం, పోగొట్టుకొనడానికి అతని దగ్గరే పేరున్నది గనుక.

సంఘాలు చేయవలసినది

ఒక్కొక్క వ్యాపారి ఒంటరిగా చేయలేని భాగం ఒకటున్నది. గుంటూరు మిర్చి, నిజామాబాదు పసుపు వంటివి ఏ ఒక్కరి బ్రాండ్లూ కావు, ఊరుమ్మడి పేర్లు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుంటూరు సన్నం మిర్చికి అంతకు ముందే ఉన్నది. ఈ పేర్లను ఎవరు ఎక్కడ వాడుకొంటున్నారో, వాటి మీద ఏ మాట పుడుతున్నదో చూడవలసిన బాధ్యత వర్తక సంఘాలది, మార్కెట్ కమిటీలది. రోజుకు ఒక గంట ఈ పనికి కేటాయించే గుమాస్తా ఒకరు చాలు. విదేశీ హెచ్చరికల సారాంశం ఉదయం ధరల పట్టికతో పాటు నోటీసు బోర్డు మీద పెడితే చిన్న వ్యాపారికి, రైతుకు కూడా అది అందుతుంది.

కోల్డ్ స్టోరేజీ అద్దె, బీమా, హమాలీ, తూకం అన్నిటికీ ఖర్చు తప్పదు. పేరుకు కాపలా కాయడానికి అయ్యేది రోజుకు పావుగంట మాత్రమే. రాబోయే సీజనుకు సంచులు అచ్చు వేయించే ముందే, ఆ సంచి మీది పేరుతో ఒక అలర్టు పెట్టుకొని బేరాలకు దిగడం మేలు.