ఆటగాఁడు లేని యాట

ఆటగాఁడు నిద్రించుచుండ నాతని పేర యంత్ర మాడుచున్నది. దక్షిణ కొరియాలోఁ బుట్టి 2002 నుండి యాడఁబడుచున్న ‘రాగ్నరాక్ ఆన్‌లైన్’ ఈ బాట్ల బాధను మిక్కిలి యనుభవించినది. ఉపాయము సులభము. ఆటగాని కంప్యూటరునుండి సర్వరునకుఁ దిన్నగఁ బోవలసిన సందేశములను దారి మళ్లించుకొని నడుమ నొక ప్రోగ్రాము కూర్చుండును. వచ్చువానిని చదువును, పోవువానిలోఁ దన యాజ్ఞలను జొప్పించును. ఉత్తరములు మోయు బంట్రోతే యజమానుని చేవ్రాలు చేసినట్లున్నది! సర్వరునకుఁ గనఁబడునది చేవ్రాలే కదా.

వినోదమునకై యేర్పడినదానియెడ నింత యాగ్రహ మేల యనువారు గలరు. రేయింబవళ్లు వేఁటాడి యంత్రము కూడఁబెట్టిన వస్తువులు ఆటలోని సంతను ముంచెత్తఁగా, చదువు ముగించుకొని సాయంకాలము రెండు గంట లాడు బాలుని కష్టమునకు విలువ యేది? ఆ వస్తువులు రొక్కమునకును అమ్ముడగుచున్నవి. 2016 డిసెంబరులో కొరియా శాసనసభ చట్టమును సవరించి, అనుమతిలేని ప్రోగ్రాములను జేసి పంచువారికి కారాగారమో, జుల్మానాయో విధించినది. దండము ఆడువానిపైఁ గాక తయారుచేయువానిపైఁ బడినందులకు సంతసించుచున్నాము. అయితే బాట్లను వెదకు నెపమునఁ గంపెనీలు ఆటగాండ్ర కంప్యూటర్ల మూలమూలలు శోధించుట మాకు సమ్మతము కాదు. ఏ మనుష్యుఁడు మూఁడు దినములు కునుకు లేక యాడఁగలఁడు? ఆ లెక్కను సర్వరు తన గుమ్మము కడనే చూచుకొనవలెను.