అదురు డ్రైవర్ కిస్మత్ కాదు

"పాత బండి అన్నాక అదరదా భాయ్?" ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ షెడ్డులో అడిగినా వినిపించే జవాబు ఇది. సేఠ్ అంటాడు, మెకానిక్ అంటాడు, ఆ అదురు మీదే పొద్దంతా కూర్చునే డ్రైవరూ అంటాడు. ఈ మాటలో సగమే సచ్. పాత బండి చప్పుడు చేస్తుంది, నూనె తాగుతుంది, ఒప్పుకుంటాను. కానీ చేతులు తిమ్మిరెక్కేంత, అద్దంలో వెనక వచ్చే బండి రెండుగా కనిపించేంత అదురు వయసుతో వచ్చే బీమారీ కాదు. చాలాసార్లు అది ఒక రబ్బరు ముక్క దగ్గర మిగుల్చుకున్న పైసల వల్ల వస్తుంది. ఆ పైసలు మిగిలేది ఒకరికి, తక్‌లీఫ్ ఇంకొకరికి. నా గొడవంతా ఇక్కడే.

మన వైపు లారీ అంటే ఎన్నో ఇళ్ల రోజీ. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి బొగ్గు లారీల మీద కూడా కదులుతుంది. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర వస్తుంది. గోదావరి ఇసుక, ఖమ్మం గ్రానైట్ సరేసరి. పాల్వంచ దాటి, భద్రాచలం వంతెన ఎక్కి, చింతూరు మీదుగా కుంట వైపు అడవిలోకి పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, చర్ల, వెంకటాపురం దారుల్లో తిరిగే స్టీరింగుల వెనక మన చాచాలు, మామూలు, భాయీలు ఎందరో ఉన్నారు. షెడ్లలో పానా పట్టిన ఉస్తాదులూ, షాగిర్దులూ మనవాళ్లే. అందుకే ఈ మాట మన ఇళ్లల్లోనే మాట్లాడుకోవాలి.

ఇంజిన్ చాసిస్ మీద నేరుగా కూర్చోదు. మధ్యలో ఇనుప రేకులకు అతికించిన రబ్బర్లు ఉంటాయి. షెడ్డు జుబాన్‌లో వాటిని ఇంజిన్ ఫౌండేషన్లు అంటారు, కంపెనీ పుస్తకంలో మౌంటింగులు. వాటి పని రెండు. ఇంజిన్ బరువు మోయడం, దాని అదురును చాసిస్‌లోకి పోనివ్వకపోవడం. మొదటి పని గట్టి రబ్బరు బాగా చేస్తుంది. రెండో పనికి మెత్తదనం కావాలి.

హిసాబ్ చూడండి. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ స్లోలో నిమిషానికి 600 చుట్లు తిరుగుతుందనుకుందాం. చుట్టుకు మూడు సిలిండర్లు పేలుతాయి. అంటే సెకనుకు 30 దెబ్బలు. ఫౌండేషన్ల మీద ఇంజిన్‌కు తనంతట తాను ఊగే వేగం ఒకటి ఉంటుంది. అది సెకనుకు 21 సార్ల కంటే తక్కువ ఉంటేనే ఆ రబ్బరు అదురును తగ్గిస్తుంది. ఎంత తక్కువైతే అంత ఆరామ్. రబ్బరు గట్టిపడేకొద్దీ ఆ ఊగే వేగం 30కి దగ్గరవుతుంది. అప్పుడు ఫౌండేషన్ అదురును ఆపకపోగా పెంచుతుంది. ఊయల ఊగే తాళానికి సరిగ్గా తోస్తే ఎలా పైకి లేస్తుందో, అలా.

ఇప్పుడు దుకాణానికి రండి. పాత మోడల్‌కు కంపెనీ మాల్ దొరకడం ముష్కిల్, దొరికినా మహంగా. పక్కనే లోకల్ మాల్ సస్తాలో ఉంటుంది. లోకల్ అంతా నక్లీ అని నేననను. వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ అమ్మేవాడు చెప్పే తారీఫ్ ఒక్కటే: "గట్టి మాల్, చిరగదు." ఫౌండేషన్‌కు అది తారీఫ్ కానే కాదు. చిరగకుండా అయిదేళ్లు ఉండి, ఆ అయిదేళ్లూ అదురంతా కాబిన్‌లోకి పంపే రబ్బరు బండికి ఖిద్మత్ చేసి మనిషికి జుల్మ్ చేసినట్టు. అలాగని మరీ మెత్తవీ పనికిరావు. క్లచ్ వదలగానే ఇంజిన్ ఎగిరిపడుతుంది, ఫ్యాను రేకుకు తగులుతుంది, సైలెన్సర్ పైపు జాయింటు లీకవుతుంది. ఆ బండికి కంపెనీ పెట్టిన ఎత్తు, ఆ మెత్తదనం ఉన్నదే సరైన మాల్. పాత నంబరుతో కొత్త నంబరు కలవాలి. ఎత్తు తేడా రాకూడదు. రబ్బరుకూ రేకుకూ మధ్య ఎక్కడా సందు కనిపించకూడదు.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట. ప్రతి అదురుకూ ఫౌండేషన్ కసూర్‌వార్ కాదు. నిలబెట్టిన బండి స్లోలో అదిరితే ముందు ఏదైనా సిలిండర్ మిస్ కొడుతోందా చూడాలి. ఇంజెక్టర్ ఖరాబై ఉంటే ఎంత మంచి రబ్బరైనా ఏం చేస్తుంది? క్లచ్ తొక్కగానే అదురు మారితే క్లచ్ వైపు చూడాలి. ఫలానా స్పీడులోనే వస్తే జాయింట్ రాడ్డు, సెంటర్ బేరింగ్, టైర్లు. గుంతల్లోనే వస్తే కమాన్ పట్టీలు, కాబిన్ కింది బుష్‌లు, సీటు. నడుముకు ఎక్కువ చేటు చేసేది సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ కుదిపే ఈ రోడ్డు అదురే. దానికి ఫౌండేషన్ మారిస్తే లాభం లేదు, సీటు బాగుపడాలి. ఏ అదురు ఎక్కడిదో తేల్చకుండా సామాను మార్చే ఉస్తాద్, నబ్జ్ చూడకుండా మందిచ్చే హకీమ్ ఒకటే.

బిగించే తరీఖా కూడా ఉంది. ముందు ఆయిల్, డీజిల్ లీకులు ఆపాలి. నూనెలో నానితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఒక్కటి మార్చి మిగతావి వదిలేస్తే బరువంతా ఒకవైపు పడుతుంది, సెట్టు మొత్తం మార్చాలి. బ్రాకెట్లకు పగుళ్లున్నాయేమో చూడాలి. బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, ఇంజిన్ బరువు రబ్బరు మీదికి దిగాక, కాసేపు స్లోలో నడిపి సర్దుకోనిచ్చి, అప్పుడు లెక్క ప్రకారం బిగించాలి. ముందే బలమంతా పెట్టి బిగిస్తే మెలితిరిగిన రబ్బరు మొదటి రోజు నుంచే అదురు మోస్తుంది.

సేఠ్‌ల మజ్‌బూరీ నాకు తెలియనిది కాదు. కిరాయి పెరగదు, డీజిల్ తగ్గదు, పాత బండి మీద పెట్టిన రూపాయి తిరిగి రాదన్న ఫికర్ ఉంటుంది. కానీ అదురు ఉచితం కాదు. రేడియేటర్ పగలడం, బ్రాకెట్లు విరగడం, వైర్లు రాసుకుని తెగడం దాని బిల్లులే. సేఠ్ చేతికి రాని బిల్లు ఒకటుంది. అది డ్రైవర్ ఇంటికి వెళ్తుంది. రాత్రి బీవీ నడుముకు నూనె రాస్తుంది, పిల్లాడు వీపు తొక్కుతాడు, మందుల దుకాణంలో నొప్పి గోలీ కొంటారు. ఇళ్లల్లో దాన్ని ఖర్చు కింద ఎవరూ రాయరు.

దునియా ఈ బిల్లును లెక్కలోకి తీసుకుంది. యూరప్ దేశాలు 2002లోనే పనివాడి ఒంటికి తగిలే అదురుకు హద్దు రాసుకున్నాయి. ఎనిమిది గంటల పనిదినానికి 0.5 దాటితే మాలిక్ చర్య తీసుకోవాలి, 1.15 దాటనే కూడదు. సెకను స్క్వేర్‌కు మీటర్లలో కొలిచే లెక్క అది. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల కాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవర్ ఆరామ్ కూడా కానూన్ సంగతే అని హుకూమత్ ఒప్పుకున్నట్టే. ముబారక్. కానీ మన అడవి దారుల్లో తిరిగే పదిహేనేళ్ల బండికి ఆ ఏసీ రాదు. దానికి రాగలిగింది సరైన రబ్బరే.

అందుకే నా గుజారిష్ సాదాగా ఉంది. ఫౌండేషన్లు కొనే రోజు డ్రైవర్ కూడా దుకాణానికి వెళ్లాలి. బిగించాక సేఠ్ స్వయంగా ఆ సీట్లో కూర్చుని కొత్తగూడెం దాకా వెళ్లి రావాలి. ఉస్తాదులు "గట్టి మాల్" అనే ముందు ఏ బండికి, ఏ నంబరు అని అడగాలి. ఇక ఇంట్లో ఆడవాళ్లు, ఈ వారం నడుము నొప్పి ఎలా ఉందని అడిగేటప్పుడు, బండి స్లోలో ఎలా ఉందని కూడా అడగండి. మీరు అడిగితే ఆయన సేఠ్‌ను అడుగుతాడు. మజ్‌దూర్ జిస్మ్ మాలిక్ దగ్గర అమానత్. దాన్ని చెడగొట్టి మిగుల్చుకున్న పైసలు బచత్ కింద రావు.