పచ్చరాయిలో పసుపు మెరుపు

పోయిన నెల గద్వాల వైపు నుండి మా అక్కయ్య, బావగారు జడ్చర్లలోని మా ఇంటికి వచ్చారు. బావగారు తువ్వాలు మూట విప్పి ఒక రాయి తీశారు. ముదురు పచ్చ రంగు. ఎండలో పెడితే పసుపు చుక్కలు తళుక్కుమన్నాయి.

"బంగారపు రాయి అని ఒకాయన చెప్పాడు. పరీక్షకు ఇరవై వేలు అడుగుతున్నాడు. మేకలు అమ్ముదామనుకుంటున్నాను" అన్నారు. అక్కయ్య తల వంచుకొని కూర్చుంది.

"ముందు మనమే చూద్దాం, బావగారూ" అన్నాము.

జడ్చర్ల చుట్టూ ఉన్న గుట్టలు ఎక్కువగా గ్రానైటు. గద్వాల ప్రాంతంలో మాత్రం పచ్చరాళ్ల పట్టీ ఒకటి ఉంది. 250 కోట్ల సంవత్సరాలకు పూర్వం పొంగిన లావా గట్టిపడి, తరువాత భూమి లోపలి వేడికి, ఒత్తిడికి మారిపోయి ఈ రాయి అయిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అలా మారేటప్పుడు పుట్టిన క్లోరైటు, ఎపిడోటు వంటి ఖనిజాల వల్లనే ఆ పచ్చదనం.

మరి మెరుపు? రేకులుగా ఊడివస్తే అది అభ్రకం, మనవాళ్లు కాకిబంగారం అనేది. మా రాతిలో రేకులు ఊడలేదు. చాకు మొనతో గీస్తే చుక్క మీద గీత పడలేదు. బంగారం మెత్తన, చాకుకు లొంగుతుంది. ఒక చుక్కను వేరుచేసి నునుపు లేని పింగాణీ పెంకు మీద రుద్దాము. బంగారమైతే పసుపు గీత రావాలి, వచ్చింది నలుపు. సుత్తితో కొడితే బంగారం సాగుతుంది. ఇది పొడి అయింది. కనుక ఇది పైరైటు, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. ఇటువంటి రాయిని పొయ్యిలో కాల్చవద్దు. ఘాటైన గంధకపు పొగ వస్తుంది.

ఇలాంటి పచ్చరాళ్ల పట్టీలలో బంగారం అసలే ఉండదని కాదు. పొరుగున రాయచూరు జిల్లాలోని హట్టి గని అటువంటిదే. కాని అక్కడ కూడా టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది కొద్ది గ్రాములే. అది కంటికి మెరిసే చుక్కలను చూసి తేల్చే పని కాదు. సందేహముంటే హైదరాబాదు బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారిని అడగండి; ఊరూ పేరూ తెలియనివారి చేతిలో డబ్బు పెట్టకండి.

బావగారు చాలాసేపు ఆ నల్లని గీతను చూస్తూ ఉండిపోయారు. "పిల్లలకు ఇవ్వండి, ఆడుకుంటారు" అని రాయిని మాకే వదిలి వెళ్లారు. మేకలు ఇంకా వారి దొడ్లోనే ఉన్నాయి.