అరుగుకి డబ్బులు కట్టాం, కూర్చోవడం మానేశాం

శనివారం వచ్చిందంటే చాలు, మన సాఫ్టువేరు జనాభాకి ఒకటే బెంగ. ఈ వీకెండు ఎక్కడికి పోదాం? రిసార్టు బుక్ చేద్దామా, మాల్‌కి పోదామా, లేకపోతే మొన్నెవరో చెప్పిన వెల్‌నెస్ సెంటర్లో ఒళ్ళు పట్టించుకుందామా? తీరా పోయొచ్చి ఆదివారం రాత్రి లెక్క చూసుకుంటే సగం టైము ట్రాఫిక్కులోనూ, పావు వంతు పార్కింగు వెతుక్కోవడంలోనూ పోయుంటుంది. సోమవారం పొద్దున్న మీటింగులో ఎవరైనా అడిగితే "బాగానే గడిచింది" అని ఆవులిస్తాం.

ఎక్కడికీ పోవద్దని నేను చెప్పబోవడం లేదు. నా పాయింటు చాలా చిన్నది. విశ్రాంతి అనేది ముందు ఇంట్లోనూ, ఇంటి గుమ్మం బయట నాలుగడుగుల్లోనూ దొరకాలి. అక్కడ దొరకనిది యాభై కిలోమీటర్ల అవతల కొనుక్కొచ్చినా మంగళవారానికల్లా అయిపోతుంది.

మాది కాట్రేనికోన. ముమ్మిడివరం దాటి సముద్రం వైపు వస్తే తగులుతుంది. మా వైపు పాత పెంకుటిళ్ళు చూసినవాళ్ళకి తెలుసు: వీధి వైపు అరుగు, కాస్త కలిగినవాళ్ళయితే మధ్యలో మండువా, వెనకాల పెరడు. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి రెండూ తీస్తే గాలి ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది. వెల్‌నెస్ అనే మాట అక్కడ ఎవరికీ తెలీదు. సాయంత్రం పని అయ్యాక అరుగు మీద కూలబడడం, పోయేవాళ్ళని "ఏవండోయ్, ఎక్కడిదాకా?" అని పలకరించడం, పెరట్లో నాలుగు కరివేపాకు రెబ్బలు తుంచుకోవడం... దీనికోసం ఎవరూ టైము కేటాయించుకోలేదు. ఇల్లు కట్టిన తీరే ఆ పని చేయించేది.

అలాగని అందరూ పెంకుటిళ్ళకి వెళ్ళిపోండి అంటే నన్ను మా ఊళ్ళోనే తంతారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా కాట్రేనికోన, ఐ.పోలవరం, ముమ్మిడివరం మండలాలని ఊపేసింది. మొత్తం మీద వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలకి తోటలే పడుకున్నాయి. అలాంటి రాత్రి చూసినవాడు స్లాబు ఇల్లు కావాలంటే అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇంకోటి, ఆ పాత ఇంట్లో అరుగు మగవాళ్ళది. ఆడవాళ్ళ తీరిక పెరట్లో, అదీ వత్తులు చేసుకుంటూనో, పూలు కట్టుకుంటూనో. పని లేని తీరిక వాళ్ళకి ఎప్పుడూ లేదు. కట్టెల పొయ్యి, నూతిలో నీళ్ళు తోడుకోవడం తిరిగి రావాలని కోరుకునేవాళ్ళు ఎప్పుడూ వాటి దగ్గర పనిచెయ్యనివాళ్ళే.

కాబట్టి అపార్టుమెంటే ఉందాం. కానీ ఒక లెక్క చూడండి. ఉదాహరణకి 1500 చదరపుటడుగుల ఫ్లాటు కొన్నారు, అందులో పాతిక శాతం కామన్ ఏరియా అనుకుందాం. అంటే 375 చదరపుటడుగులు. అడుగు 6000 రూపాయలు వేసుకున్నా 22 లక్షల 50 వేలు. కారిడారు, మెట్లు, లిఫ్టు ముందు జాగా, కింద లాబీ, వీటన్నిట్లో మీ వాటా కింద కట్టిన డబ్బు అది. ఫ్లాటు కొనేటప్పుడు కార్పెట్ ఏరియా ఎంతో తేల్చి చెప్పాలని 2016లో రెరా చట్టం వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ తేడా కాగితం మీద కనబడుతుంది కూడా. 20 ఏళ్ళ ఈఎంఐలో ఆ అరుగు కూడా ఉందన్నమాట! మరి ఆ జాగాలో ఎప్పుడైనా కూర్చున్నారా? చాలాచోట్ల కూర్చోడానికి బల్లే ఉండదు. ఉన్నచోట "ఇక్కడ గుమిగూడరాదు" అని బోర్డుంటుంది. డబ్బు మనదే, బోర్డూ మనం ఎన్నుకున్న అసోసియేషనుదే.

సరే, తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. పాత ఇంట్లోంచి ఫ్లాటులోకి తెచ్చుకోగలిగినవి నాకు కొన్ని కనబడుతున్నాయి.

మొదటిది గాలి. పొద్దున్నే అరగంట ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి. ఒకటే తెరిస్తే గాలి లోపలికొచ్చి ఆగిపోతుంది, దానికి బయటికి పోయే దారి కూడా కావాలి. సాయంత్రం దోమలొచ్చే వేళకి ముందే మూసెయ్యండి. దీనికి ఏ యాపూ అక్కర్లేదు.

రెండోది పెరడు, అంటే బాల్కనీ. ముందు అక్కడున్న పాత అట్టపెట్టెలు, విరిగిన ట్రెడ్‌మిల్లు అవతల పారేయండి. ఎండ తగిలే బాల్కనీ అయితే తోటకూర వెయ్యండి, నెల తిరక్కుండా కూర చేతికొస్తుంది. బజార్లో కొన్న పుదీనాలో ఆకులు వాడుకుని కాడలు గుచ్చినా వేళ్ళూనుతాయి. బచ్చలి తీగని గ్రిల్లుకి పాకించొచ్చు. కుండీలకి మట్టి బరువనుకుంటే కోకోపీట్ కలపండి. అదేదో విదేశీ సరుకు కాదండోయ్, కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీసేటప్పుడు రాలే పొట్టే. మా కోనసీమలో గుట్టలుగా పడుండే దాన్ని ఇటుకల్లా నొక్కి రంగు కవర్లో పెడితే మనం ఆన్‌లైనులో తెప్పించుకుంటున్నాం. దాన్లో సొంతంగా మొక్కకి బలమిచ్చేదేమీ పెద్దగా ఉండదు, కంపోస్టు కలపాలి. ఉప్పు ఉండే అవకాశముంది కాబట్టి ఒకసారి కడిగి వాడితే మంచిది. కుండీ కింద పళ్ళెం మాత్రం మర్చిపోకండి. కింద ఫ్లాటు పిన్నిగారి ఆరేసిన బట్టల మీద బురదనీళ్ళు పడ్డాయంటే మీ విశ్రాంతి ఆ రోజుతో సరి.

మూడోది చాప. రోజుకి పది గంటలు కుర్చీలో వేలాడే మనకి ఒక్క పూట భోజనమైనా కింద కూర్చుని చేస్తే నడుమూ మోకాళ్ళూ ఇంకా పనిచేస్తున్నాయో లేదో తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం ఈ సాహసం చెయ్యకండి. ఫోను ఇంకో గదిలో పెట్టి తింటే ఇంకా మంచిది.

నాలుగోది నడక. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కనీసం చూసుకుంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. మా ఊళ్ళో కాలవ గట్టు మీద నడిచేవాళ్ళు ఎవరూ నిమిషాలు లెక్కపెట్టరు, చేనుకో కొట్టుకో పోతుంటారు. మనం కూడా బ్లాకు చుట్టూ గానుగెద్దులా తిరగడం కన్నా ఒక గమ్యం పెట్టుకుంటే నెల తర్వాత కూడా నడక సాగుతుంది. దగ్గర్లో రైతు బజారుంటే వారానికోసారి సంచీ పట్టుకుని నడిచి వెళ్ళండి (1999లో మొదలైన ఈ బజార్లు ఇప్పటికీ నడుస్తున్నాయి). హైదరాబాదులో కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఉన్నవాళ్ళకి కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది. సాయంత్రం ఏదైనా నాటకమో మాటో వినాలంటే బంజారాహిల్స్‌లో 2010 నుంచీ లామకాన్ ఉంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు 1891లో పెట్టిన అఫ్జల్‌గంజ్ లైబ్రరీ ఎన్నిసార్లు చూశారో చెప్పండి? బెంగుళూరువాళ్ళకి కబ్బన్ పార్కు గురించి నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ సగం రోజులో అయిపోయే పనులు, రూములు బుక్ చేసే పనిలేదు.

ఇక ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, అరుగు. లిఫ్టు పక్కనో, గేటు దగ్గర చెట్టు కిందో రెండు సిమెంటు బల్లలు. మెట్లకీ, మంటలొస్తే పారిపోయే దారికీ అడ్డం లేకుండా చూసుకోవాలి, అంతే. పదిహేను ఫ్లాట్లు కలిస్తే ఒక్కొక్కరికీ ఒక పిజ్జా ఖర్చు పడుతుందేమో. ఇంట్లో ఒంటరిగా టీవీ చూసే పెద్దాయన కిందకి దిగడానికి ఒక కారణం దొరుకుతుంది. ఊరి నుంచి మన దగ్గరకొచ్చి "ఇదేం ఊరు నాన్నా, జైల్లా ఉంది" అనే అమ్మానాన్నలు చెప్పేది కూడా ఇదే కదా. వాళ్ళకి కావల్సింది క్లబ్ హౌసు కాదు, పలకరించడానికి ఓ మనిషి.

ఇక్కడే అసలు చిక్కుంది. మా వైపు అరుగుల మీద ఊళ్ళో అందరూ కూర్చున్నారా? లేదు. కొన్ని కులాలవాళ్ళు అరుగు మీద కూర్చుంటే, కొందరు వీధిలో నిలబడే మాట్లాడి వెళ్ళారు. ఇది దాచిపెట్టి అరుగుల గురించి ఎంత తీయగా రాసినా అది అబద్ధమే. మన గేటెడ్ కమ్యూనిటీలు ఇంకొంచెం ఇంగ్లీషులో అదే పని చేస్తున్నాయి. పనిమనుషులకి వేరే లిఫ్టు, డెలివరీ కుర్రాడు మెట్లెక్కాలి, వాచ్‌మన్ కుటుంబం పిల్లలు పార్కులో ఉయ్యాల ఎక్కకూడదు. పొద్దున్నుంచి నాలుగిళ్ళు తుడిచినావిడ ఐదో ఇంటికి వెళ్ళేముందు పది నిమిషాలు కూర్చోవాలంటే మనం 22 లక్షలు కట్టిన ఆ జాగాలో చోటుండదు. ఆవిడ నడుం కూడా నడుమే కదండీ!

నేననేదేంటంటే, పాత ఇంట్లోంచి అరుగు తెచ్చుకుందాం, దాని మీద ఎవరు కూర్చోవాలన్న పాత లెక్క మాత్రం అక్కడే వదిలేద్దాం. ఎవరు కూర్చున్నా "మీరెవరు, ఏ ఫ్లాటు?" అని అడగని బల్ల ఒకటి కావాలి. భద్రత అంటారా? గేటు దగ్గర ఒకసారి అడిగాక లోపల మళ్ళీ అడగడమెందుకు? నలుగురూ కూర్చుని చూస్తూండే చోట దొంగకే కష్టం.

అదండీ సంగతి. వచ్చే అసోసియేషన్ మీటింగులో పార్కింగు గొడవ, నీళ్ళ ట్యాంకర్ల గొడవ అయ్యాక, అందరూ లేచిపోకముందే చెయ్యెత్తి రెండు బల్లలు అడగండి. మినిట్స్‌లో ఇంకో వాక్యం కూడా రాయించండి: ఇక్కడ ఎవరైనా కూర్చోవచ్చు. బల్లలకి అందరూ ఒప్పుకుంటారు. ఆ వాక్యం దగ్గరే గొడవవుతుంది. అవ్వనివ్వండి, పడాల్సిన గొడవే అది.